దోమ కడుపులో దొరకిన సాక్ష్యము: సర్ రొనాల్డ్ రాస్ జీవితము

పరీక్షిన్మహారాజు శాపభయముచే ఒంటికంబపు మేడ నెక్కి కూర్చుండెను. చుట్టును కావలివారు, విషవైద్యులు, మంత్రవేత్తలు నిలిచిరి. పాము ఆ మేడ దరి జేరుటకు దారియే లేకుండెను. తక్షకుడు పండులో చిన్న పురుగై వచ్చి పని ముగించుకొని పోయెను. కంటికి కనబడు శత్రువునకు కావలి పెట్టిన రాజు, కనబడని శత్రువుచేత కూలెను. ఆదిపర్వమునందలి యీ కథ మన గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో పెక్కుమందికి తెలిసినదే.

చలిజ్వరము విషయమున మానవజాతి వేలకొలది యేండ్లు పరీక్షిత్తు వలెనే యుండెను. ఆ జ్వరము చెడుగాలివలన వచ్చునని నమ్మి, ఇటలీవారు దానికి చెడుగాలి యను నర్థమిచ్చు మలేరియా యను పేరే పెట్టిరి. పల్లపు నేలలనుండి లేచు ఆవిరియే కారణమని తలచి జనులు సాయంకాలము కాగానే తలుపులు మూసికొనుచుండిరి. ఆ తలుపు సందులలోనుండి వచ్చు దోమను ఎవరును లెక్కింపలేదు. దానిని లెక్కకు దెచ్చి, దాని కడుపును కోసి, అందు దాగియున్న తక్షకుని పట్టి యిచ్చినవాడు రొనాల్డ్ రాస్. ఆ పని జరిగినది మన తెలుగుదేశముననే, సికింద్రాబాదు దండుప్రదేశమందలి బేగంపేటలో.

గ్రామపు లెక్కలు వ్రాయు నావంటివానికి ఈ మహాశయుని చరిత్రమునందు ఒక సంగతి మిక్కిలి ప్రీతి కలిగించినది. పద్దు వ్రాసినంతమాత్రమున చెల్లదు. దానికి ఆధారపు కాగితము చూపవలెను. శాస్త్రమునందును అంతే. ఒకడు సూక్ష్మదర్శినిలో ఏదియో చూచితి ననిన చాలదు. తాను చూచినది పదిమందికి చూపవలెను. రాస్ జీవితమంతయు ఈ రెండవ కష్టముతో నిండియున్నది.

రాస్ 1857వ సంవత్సరము మే నెల 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి ఆంగ్ల సైన్యమున ఉద్యోగి. పిమ్మట సేనాపతి పదవి నందెను. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. ఆ బాలునకు వైద్యముపై మక్కువ లేకుండెను. చిత్రలేఖనము, కవిత్వము, సంగీతము, గణితము ఇవియే ఆతని ప్రియవిద్యలు. పదునాఱవ యేట చిత్రలేఖన పరీక్షయందు దేశమునకే ప్రథముడుగా నిలిచెను. చిత్రకారుడు కావలెనని కోరెను గాని, తండ్రి యాజ్ఞ దాటలేక లండనులోని సెయింట్ బార్తలోమియో వైద్యశాలలో చేరెను. చదువునందు శ్రద్ధ చాలక ఒక పరీక్షలో తప్పెను; ఓడ వైద్యుడుగా కొంతకాలము తిరిగెను; మఱల పరీక్ష నిచ్చి, 1881లో భారత వైద్యసేవయందు ప్రవేశించెను. చిత్రకారుడు కాలేకపోయినను, బొమ్మ గీయనేర్చిన ఆ చేయి వ్యర్థము కాలేదని మున్ముందు తెలియును.

ఆతనిని చెన్నపురి రాజధానికి కేటాయించిరి. ఆ కాలమున సైనికవైద్యునకు పని తక్కువ, తీరిక యెక్కువ. రాస్ పద్యములు వ్రాసికొనుచు, గణితము సాధించుకొనుచు దినములు గడపెను. 1883లో బెంగుళూరున నున్నప్పుడు తన బంగళాలో దోమలు విపరీతముగా నుండుట చూచి కారణము వెదకెను. కిటికీ దాపున నీటితొట్టి యొకటి యుండెను. అందు తోకలాడించు పురుగులు కదలుచుండెను. తొట్టిని బోర్లించెను, దోమలు తగ్గెను. తక్కిన తొట్లనుగూడ ఇట్లే బోర్లింపవలెనని పైవానితో చెప్పగా, సృష్టిక్రమమునకు అడ్డుపడరాదని ఆ యుద్యోగి నిరాకరించెను. దోమకును జ్వరమునకును గల సంబంధము అప్పటికి ఎవరును నిరూపించి యుండలేదు. అయినను నిలువ నీరు, పురుగు, దోమ అను మూడు మెట్లు రాస్ కంటబడినవి.

ఇప్పుడు ఆ జ్వరమును గూర్చి లోకము అప్పటి కెంత యెఱుగునో చెప్పవలెను. 1880లో అల్జీరియా దేశమున లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు, జ్వరరోగి రక్తమును సూక్ష్మదర్శినిలో చూచుచు, ఎఱ్ఱకణములలో కదలాడు ఒక ప్రాణిని కనుగొనెను. ఆ ప్రాణి రక్తములోని యెఱ్ఱని పదార్థమును తిని, నల్లని రేణువులను మిగుల్చును. లావెరాన్ మాటను చాలమంది నమ్మలేదు. ఒకరికి కనబడినది మఱియొకరికి కనబడదు. కనబడినను తానొకటి తలచి వేఱొకటి గీయును. సూక్ష్మదర్శినిలో ఒక పర్యాయము ఒక్క కన్నే చూడగలుగుట యిందులకు మూలము.

ఈ చిక్కును తీర్చుటకు అంతకు మూడేండ్లు ముందే జర్మనీదేశమున ఒక పల్లెవైద్యుడు మార్గము వెదకెను. ఆయన రాబర్ట్ కోచ్. వోల్‌స్టైన్ అను చిన్న ఊరిలో రోగులను చూచుకొనుచునే, పశువుల దొమ్మరోగమునకు కారణమగు క్రిమిని 1876లో నిరూపించెను. గీసిన బొమ్మలో గీసినవాని అభిప్రాయము చేరును గావున, క్రిముల ఛాయాచిత్రములనే తీయవలెనని నిశ్చయించి, 1877లో వానిని ప్రకటించెను. ఆ విధానమును వినుడు. క్రిములున్న ద్రవమును గాజుపలకపై పలుచగా పూసి ఆరనిచ్చి రంగు వేయవలెను. లేనిచో అవి నీటివలె కనబడక పోవును. అద్దముచే సూర్యకాంతిని మరలించి ఆ పలక క్రిందినుండి పంపవలెను. కన్ను ఉంచవలసిన చోటునకు పైగా చీకటిపెట్టె నమర్చి, అందు వెలుతురు సోకిన మాఱు రసాయనము పూసిన పలకను ఉంచవలెను. కటకములలోనుండి పెద్దదియై వచ్చిన నీడ దానిపై నిలుచును. వెండ్రుకవాసి కదలినను బొమ్మ చెదరును. మబ్బు వచ్చినచో పని ఆగును. ఇంత శ్రమపడిన ఫలముగా, ఒక్క కంటికి కనబడినది వేయి కన్నులకు కనబడునట్టి పత్రమయ్యెను. ఈ కోచ్ పండితుడే 1883 చివర కలకత్తాకు వచ్చి, 1884లో కలరా క్రిమిని అచ్చట నిరూపించెను.

చలిజ్వరపు ప్రాణిని రాస్ తానై చూడగలుగుటకు చాలకాలము పట్టెను. భారతదేశమున వెదకి వెదకి అది లేదనియే తలచెను. 1894లో సెలవుపై లండను పోయినప్పుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు దానిని ఆతనికి స్వయముగా చూపెను. బోదకాలు పురుగు దోమ దేహమున పెరుగునని మాన్సన్ అంతకుముందే కనుగొని యుండెను. చలిజ్వరపు ప్రాణిగూడ దోమలో పెరుగవచ్చునని ఆయన యూహ. అయితే, ఆ దోమ నీటిపై చచ్చిపడగా ఆ నీరు త్రాగిన మనుజునకు జ్వరము వచ్చునని ఆయన పొరపాటుగా భావించెను. రాస్ గురువు మాటను తలదాల్చి, 1895లో పందొమ్మిదవ మద్రాసు పదాతిదళపు వైద్యుడై సికింద్రాబాదునకు వచ్చెను.

వచ్చినది మొదలు రెండేండ్లు ఓటమియే. జ్వరరోగుల రక్తము త్రాగిన దోమలను ఒక్కొక్కటిగా కోసి చూచెను. దోమలు చచ్చిన నీటిని కొందఱిచేత త్రాగించియు చూచెను. ఆ దారి గమ్యము చేర్పలేదు. నేటి ధర్మమునుబట్టి అట్టి పరీక్షను ఎవరును ఒప్పుకొనరు. నడుమ కలరా నివారణకై ఆతనిని బెంగుళూరునకు పంపిరి. 1897 వేసవిలో నీలగిరి దిగువ సీగూరు లోయలో పరిశోధింపబోయి తానే చలిజ్వరము తెచ్చుకొనెను. అసలు లోపము దోమ జాతియందుండెను. ఆతడు కోసినవి బూడిదవన్నెవియు చారలవియు. ఆ జాతులలో మనుష్యుల చలిజ్వరపు ప్రాణి పెరుగదు.

1897 ఆగస్టు నెలలో బేగంపేట యెట్లుండెనో ఊహింపుడు. ఉక్కపోత. పంకా వేసినచో కోసిన దోమ తునకలు ఎగిరిపోవును గాన పంకా కట్టివేసెను. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. కంటి దగ్గఱి కటకము బీటవాఱెను. ఒక్కొక్క దోమను తల మొదలు తోకవఱకు పరిశీలించుటకు గంటలు పట్టెను. అట్టి సమయమున ఆతని పనివారు క్రొత్తరకపు దోమపురుగులను తెచ్చిరి. అవి పొదిగి, మచ్చలున్న రెక్కలు గలిగి, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చుండు దోమలయ్యెను. గాజుకుప్పెలో పుట్టినవి కావున వానికి వేఱొక నెత్తురు సోకలేదని రూఢి.

ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను జ్వరరోగిని దోమతెరలో పరుండబెట్టి, ఈ దోమలను విడిచిరి. పది దోమలు ఆతని రక్తమును త్రాగెను. కాటునకు ఒక అణా చొప్పున రాస్ ఆతనికి చెల్లించెను. పిమ్మట దినములలో కొన్ని దోమలు చచ్చెను. కొన్నిటిని కోసి చూడగా ఏమియు లేకుండెను. 20వ తేదీకి మిగిలినవి మిక్కిలి కొద్ది. ఆనాటి మధ్యాహ్నము ఒకదానిని కోసెను. దేహమంతయు వెదకి, కన్నులు అలసి, కడపటి భాగమగు కడుపు గోడను చూడగా, గుండ్రని కణమొకటి కనబడెను. దోమ కడుపున అట్టిది అంతకుముందెన్నడును ఆతడు చూడలేదు. మఱికొంత జరుపగా మఱికొన్ని కనబడెను. ప్రతిదానిలోను నల్లని రేణువులు. లావెరాన్ మనుష్య రక్తమున చూచిన రేణువులే అవి. మఱునాడు ఇంకొక దోమను కోయగా అవే కణములు మునుపటికంటె పెద్దవై యుండెను. అనగా అవి దోమలో బ్రదికి పెరుగుచున్నవి. ఆ సంతోషమున రాస్ ఒక పద్యము వ్రాసికొనెను.

కనుగొనుట అయినది; చూపుట మిగిలెను. బాల్యమున నేర్చిన చిత్రలేఖనము ఇచ్చట ఉపకరించెను. కణముల ఆకారమును, రేణువుల వరుసను చేతితో గీసికొనెను. చేతి బొమ్మకు కోచ్ చెప్పిన లోపము ఉండనే యున్నది గదా! కావున ఆ కడుపు తునకలనే గాజుపలకలపై భద్రపఱచి లండనులోని మాన్సనునకు పంపెను. మాన్సన్ మొదలగువారు వానిని తమ కన్నులతో చూచి సంగతి నిక్కమని వ్రాసిరి. రెండు దోమలలో కనబడిన వింత కణములను గూర్చిన ఆ వ్యాసము 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటితమయ్యెను. ఆ రెండు దోమలపై అంత బరువు మోపుట సాహసమని రాస్ యెఱుగును. అందుచేతనే వ్యాసమున అతిశయోక్తికి తావీయలేదు.

ఇంతలో సెప్టెంబరునందు ఆతనిని రాజపుతానాలోని ఖేర్వారాకు మార్చిరి. అచ్చట చలిజ్వర రోగులు దొరకుట కష్టము. చేతికందిన పంట కళ్లమున చేరకముందే వాన వచ్చినట్లయ్యెను. మాన్సన్ ప్రయత్నముచే 1898 మొదట కలకత్తాలో పరిశోధనకు వీలుకలిగెను. అచ్చట ప్లేగు భయమున ప్రజలు వైద్యుడన్న పాఱిపోవుచుండిరి; రోగులు చిక్కలేదు. రాస్ పిచ్చుకలకు వచ్చు చలిజ్వరమును తీసికొనెను. ఆ పక్షుల ప్రాణిని మోయునది బూడిదవన్నె దోమయే. కడుపుగోడపై కణములు పెరిగి పగిలి, అందుండి సన్నని దారపు తునకలవంటి పిల్లలు వెలువడి, దోమ యొడలంతట తిరిగి, కడపట నోటి యుమ్మి గ్రంథిని చేరునని జులై నెలలో కనుగొనెను. కుట్టునప్పుడు ఆ యుమ్మితోబాటు రోగమును దోమ ఇంజెక్షను వలె లోనికి పంపును. నీరు త్రాగుట, గాలి పీల్చుట అనునవి కారణములు గావని తేలిపోయెను. ఆరోగ్యముగానున్న 28 పిచ్చుకలను అట్టి దోమలచే కుట్టింపగా 22 పిచ్చుకలకు జ్వరము సోకెను. ఈ లెక్కకు ఎదురుచెప్పుట యెవరికిని తరము కాలేదు. మనుష్యుల విషయమున కడపటి మెట్టును అదే సంవత్సరము చివర ఇటలీలో గ్రాస్సి మొదలగు పండితులు పూర్తి చేసిరి.

1899లో రాస్ ఇంగ్లండు పోయి లివర్‌పూల్ ఉష్ణదేశ వైద్యకళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1902లో వైద్యమునకు నోబెల్ బహుమానమును, 1911లో సర్ బిరుదమును పొందెను. పశ్చిమ ఆఫ్రికా, సూయజు కాలువ దాపునగల ఇస్మాయిలియా, మారిషస్ దీవి మొదలగు చోట్ల దోమలను తగ్గించు ఉపాయములను చూపెను. గణితప్రియుడగుటచే ఒక చక్కని లెక్కనుగూడ కట్టెను. ఊరిలోని దోమలన్నిటిని చంపనక్కఱలేదు. వాని సంఖ్య ఒక హద్దునకు లోబడినచో, ఒక రోగినుండి మఱియొకరికి సోకుట కంటె రోగులు కోలుకొనుట యెక్కువయై, జ్వరము తనంతట తానే క్షీణించును. ఆదాయముకంటె వ్యయ మధికమైన కుటుంబము వంటిదే యిది. నేటికిని అంటురోగములను లెక్కించువారు ఈ మార్గముననే నడచుచున్నారు.

గొప్పవారి చరిత్రము వ్రాయునప్పుడు వారి లోపములను దాచుట మర్యాద కాదు. రాస్ కోపిష్ఠి. కీర్తి యెవరిదను విషయమున గ్రాస్సితో చిరకాలము కలహించెను. తనకు ఆశ్రయమిచ్చిన మాన్సనుతోను చివరకు వైరము తెచ్చుకొనెను. తన పనికి తగిన ధనము రాలేదని బాధపడి, 1928లో తన కాగితములను అమ్మకమునకు పెట్టెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో, తన పేర స్థాపించిన వైద్యసంస్థలోనే కన్నుమూసెను. అప్పటికాతనికి 75 సంవత్సరములు.

ఇక ఈ ఖాతాలో రెండవ వైపునుగూడ చూడవలయును. రాసునకు నోబెల్ బహుమానము వచ్చినది. హుసేన్ ఖాన్‌కు ఆ పది కాట్లకు వచ్చినది పది అణాలు. రూపాయికి ఆఱణాలు తక్కువ. పురుగులను పట్టి తెచ్చిన పనివారి పేర్లు చాలవఱకు నిలువలేదు. కలకత్తాలో పక్షులను, దోమలను కాచిన మహమ్మద్ బక్ష్, రోగులను సమకూర్చిన కిశోరీమోహన బంద్యోపాధ్యాయుడు అనువారి పేర్లు మాత్రము చరిత్రలో మిగిలినవి. హుసేన్ ఖాన్ జ్వరముతో మంచమున పరుండి, మఱల ఆ దోమలకే తన యొడలు అప్పగింపకుండినచో ఆగస్టు 20వ తేదీకి అర్థమే యుండదు. ఆ తేదీని నేడు లోకము దోమల దినముగా జరుపుకొనుచున్నది. బేగంపేటలోని ఆ భవనము రాస్ పేర ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి స్మారకముగా నిలిచియున్నది. హైదరాబాదు పోవువారు దానిని చూచునప్పుడు హుసేన్ ఖానునుగూడ తలచుకొనుట న్యాయము.

ఈ కథ మన గుంటూరు, ప్రకాశము సీమల పత్తి, మిరప రైతులకు ఏల యని అడుగవచ్చును. స్వాతంత్ర్యము వచ్చిన నాటికి మన దేశమున ఏటేట సుమారు 7.5 కోట్లమందికి మలేరియా సోకుచు, 8 లక్షలమంది మరణించుచుండిరి. 1953లో జాతీయ నియంత్రణ పథకము, 1958లో నిర్మూలన పథకము ప్రారంభమయ్యెను. ఇంటింట డి.డి.టి. చల్లగా, 1961 నాటికి రోగుల సంఖ్య 50 వేల దరిదాపులకు దిగెను. పీడ విరగడయైనదని తలచి శ్రద్ధ తగ్గించిరి. దోమలు మందునకు అలవాటుపడెను. 1976లో రోగుల సంఖ్య మఱల 64 లక్షలకు పెరిగెను.

ఇట్టి దెబ్బ మనవారు వేఱొక రూపమున తిన్నదే. మనము తెల్లదోమ యని పిలుచు పత్తిపురుగు కుట్టుదోమల జాతికి చెందినది కాదు. అయినను బుద్ధి ఒకటే. 1980ల దశకమున మందుమీద మందు కొట్టిన కొలది అది విజృంభించి మన చేలను, కుటుంబములను కూల్చినది. శత్రువు జాతిని గుర్తింపక, ఆకు వెనుకకు త్రిప్పి చూడక, డబ్బా పట్టుకొని పరుగిడుట ఎంత చేటో అప్పుడు తెలిసినది. రాస్ రెండేండ్లు తప్పు జాతి దోమను కోసి వ్యర్థ శ్రమపడుట మన రైతునకు వింతగా తోచదు.

దోమ జాతులకు వేఱువేఱు ఇండ్లు గలవు. మలేరియా దోమ కాలువల అంచులలోను, బావులలోను, పొలపు గుంటలలోను గ్రుడ్లు పెట్టును. బోదకాలు దోమకు మురుగుగుంట ప్రీతి. డెంగీ దోమ మన యింటి తొట్లలో, కూలరులలో, పాత టైర్లలో నిలిచిన నీటిలో పెరుగును, పగటివేళనే కుట్టును. గ్రుడ్డు పొదిగి దోమ యగుటకు వారము పదిదినములు చాలును. కావున వారమునకొకసారి తొట్టి కడిగి ఆరబెట్టుట అను పని, 1883లో బెంగుళూరున రాస్ చేసినదే, నేటికిని చెల్లుబాటగు మందు.

కోచ్ పండితునికి సూర్యుడు, అద్దము, గాజుపలక కలిసివచ్చిన గాని దొరకని ఛాయాచిత్రమును, నేడు పాఠశాల సూక్ష్మదర్శినికి సెల్‌ఫోను ఆనించి బాలుడు నిమిషములో తీయగలడు. రజతోత్సవ సందర్భమున మన గ్రంథాలయమునకు పుస్తకములతోబాటు ఒక సూక్ష్మదర్శినినిగూడ చేర్చుట మేలు. ఊరి నీటిబొట్టును, మిరపాకుపై పురుగును, తొట్టిలోని తోకపురుగును బాలురు చూచి, బొమ్మ తీసి, తేదీ వేసి, గోడకు అంటింపవలెను. ఆ బొమ్మను చూచిన తల్లి ఆ సాయంకాలమే తొట్టిని బోర్లించును. అంతకంటె ఆ సాక్ష్యమునకు కోరదగిన ఫలము లేదు.